చిమ్మటకు పోసిన సాక

దసరా సెలవులు అయిపోయి కాలేజీ తెరిచిన రోజు నేను అరిచిన అరుపుకు కోరుట్ల బస్టాండులో నిలబడ్డ బస్సులన్నీ వాటంతటవే స్టార్టయ్యాయి. అన్నీ కాదు, ఒకటేనని మా ల్యాబు అటెండర్ అంటాడు. అతని మాట నమ్మకండి. ఆ అరుపు అతని మీదే కాబట్టి ఆ సమయంలో అతను రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు.

కారణం ఒక చిమ్మట. నా చిటికెన వేలి గోరంత ఉంటుంది. చిమ్మట అంటే తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను: అది సీతాకోకచిలుకకు అక్క. రంగుల చీరలన్నీ చెల్లెలికి ఇచ్చేసి, తాను ఉతికి ఉతికి వెలిసిన చీర కట్టుకుని పొద్దుగూకాక బయటికి వస్తుంది. లోకంలో ఈ చెల్లెళ్ల కంటే అక్కలే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా స్కూలు గోడల మీద, పెళ్లి పత్రికల మీద, ఆడపిల్లల గౌన్ల మీద అన్నీ చెల్లెళ్ల బొమ్మలే. ఒక్క గౌను మీదైనా చిమ్మట బొమ్మ చూపించిన వాడికి నేను కాళ్లు మొక్కుతాను. చూపించరు. ఇది నా మొదటి కోపం. ఇలాంటివి నా దగ్గర గోదాము నిండా ఉన్నాయి.

నేనంటున్న చిమ్మటకు పేరు లేదు. నేను మరిచిపోయానని కాదు. భూమ్మీద ఇంతవరకూ ఎవరూ దానికి పేరు పెట్టలేదని నా గట్టి అనుమానం. సగం జీవితం పురుగుల వెంట తిరిగిన మనిషికి అలాంటి అనుమానం వస్తే ఒక్కసారి వస్తుంది. ఆ ఒక్కసారి నాకు వచ్చింది. అది నిజమని తేలితే ఎక్కడో ఒక శాస్త్ర పత్రికలో ఆ పురుగుకు ఒక పేరు అచ్చవుతుంది. మా జిల్లా గుట్టల్లో పుట్టిన పురుగు కూడా లెక్కలోకి వస్తుంది. నా ఉద్యోగం, నా బతుకు, ఇంట్లో బయటా నేను పడ్డ మాటలు, అన్నిటికీ అదొక్కటే జవాబు. అంత పెద్ద సంగతి గోరంత పురుగు మీద ఆధారపడి ఉంది.

మాది సిరిసిల్ల. సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మధ్య పుట్టినవాణ్ని కాబట్టి నేను మామూలుగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది. మా నాన్న చేతిమగ్గం మీద మొదలుపెట్టి కరెంటు సాంచాల దాకా వచ్చినవాడు. నేను డిగ్రీకి జగిత్యాల వెళ్లి, అక్కడ ఒక జువాలజీ మాస్టారి పుణ్యాన చిమ్మటల పిచ్చి పట్టించుకుని ఇంటికొచ్చి, పెద్ద చదువు కూడా ఇందులోనే చదువుతానన్నప్పుడు మా నాన్న సాంచె ఆపాడు. సిరిసిల్లలో సాంచె ఆపడమంటే గుండె ఆపుకున్నంత పని.

"బట్ట నేసెటోని ఇంట్ల పుట్టి, బట్టలు కొరికే పురుగుల ఎంబడి పడ్డవేందిరా? ఆస్తి పంచుకునే పాలోడు సుత గింత పగ పట్టడు" అన్నాడు.

బట్టలు కొరికేవి వేల రకాల్లో ఒకటో రెండో ఉంటాయి నాన్నా, అవి కూడా ఉన్నిని తింటాయి, మన కార్ఖానాలో నేసే పాలిస్టరును పురుగు కాదు గదా కాలం కూడా కొరకలేదు అని చెప్పాను. వినలేదు. పోయేదాకా ఆయన బీరువాలో ఏ పంచెకు చిల్లి పడ్డా నా ముఖాన పెట్టి చూపించేవాడు. సిగరెట్టు నిప్పు పడి కాలిన చిల్లి కూడా నా ఖాతాలోనే.

ఉష్ణమండల సీతాకోకచిలుకలు, చిమ్మటలు నా పరిశోధన. ఉష్ణమండలం అనగానే జనం కేరళ అడవులు, అస్సాం వానలు అనుకుంటారు. మే నెలలో జగిత్యాల చౌరస్తాలో కాసేపు నిలబడి చూడండి, ఉష్ణం ఏమిటో మండలాఫీసుతో సహా అర్థమవుతుంది. నేనూ ఆ పచ్చటి అడవుల్లో కొన్నేళ్లు తిరిగి జలగలకు పీపాల కొద్దీ నెత్తురు ధారపోసి డాక్టరేటు తెచ్చుకున్నవాణ్నే. తెచ్చుకుని కోరుట్లలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాను. డాక్టరేటు వచ్చిందనగానే ఊరు నన్ను పురుగుల డాక్టరు అంది. ఒకాయన కొడుకును రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి, "సారు, పోరనికి కడుపుల పురుగులున్నయి, జర మందు రాయుండ్రి" అన్నాడు. నేను అలాంటి డాక్టరును కానని చెబితే, "మరి ఎందుకు పెట్టుకున్నరు బోర్డు?" అని నా గేటు ముందే తిట్టిపోయాడు.

రైతులు ఇంకో రకం. మల్లాపూర్ వైపు పసుపు చేలల్లో ఆకును బీడీలా చుట్టుకుని లోపల కాపురం పెట్టే పురుగొకటి ఉంటుంది. ఒక పెద్దాయన పిలిస్తే వెళ్లి, చేను గట్టు మీద కూర్చుని, ఆ పురుగు ఎలా గూడు కడుతుందో, నల్లని రెక్కల మీద తెల్లని మచ్చతో సీతాకోకచిలుకగా ఎలా ఎగిరిపోతుందో చెప్పాను. నా కంట్లో నీళ్లు కూడా వచ్చాయి. ఆయన మొత్తం విని తుండుగుడ్డ దులిపాడు.

"మస్తు చెప్పినవ్ సారు. గిప్పుడు ఏ మందు కొట్టమంటవ్?"

ఇక నా పనితీరు. చిమ్మటలు దీపాలకు వస్తాయి, తెల్లారే వేళకు ఆ దీపం కిందున్న గోడకు అతుక్కుని నిద్రపోతాయి. కాబట్టి పిచ్చుకలు, బల్లులు, ఊడ్చేవాళ్లు లేచేలోగా గోడలు చూసి రావాలి. పెట్రోలు బంకు గోడ, బస్టాండు గోడ, ఫంక్షన్ హాలు గోడ. ఉదయాన్నే మెడలో భూతద్దం వేసుకుని ఒక మనిషి గోడకు ముక్కు ఆనించి అంగుళం అంగుళం జరుగుతూ పోతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారో నాకు తెలుసు. కోరుట్లలో నన్ను అనుమానించని గోడ యజమాని లేడు. ఓట్ల సీజన్లో పోస్టర్లు అంటించే వాడనుకున్నారు. మిగతా సీజన్లలో అనుకున్నది రాయలేను.

మా ఆవిడది ఎల్లంతకుంట. నేరుగా మాట్లాడే మనిషి. "ఉత్తగ గోడలెంబడి తిరిగెటోన్ని పిచ్చోడంటరు. జీతమిచ్చి తిప్పితే సైంటిస్టంటరా?" అని అడిగింది పెళ్లైన కొత్తలో.

దీపాలకు రాని చిమ్మటలు కూడా ఉన్నాయి. అవి తాగుబోతులు. మిగల పండిన పళ్ల రసం, పులిసిన తీపి వాటికి కావాలి. బయటి దేశాల పరిశోధకులు సారాలో చక్కెర కలిపి, అందులో తాళ్లు నానబెట్టి చెట్లకు కడతారట. మనకు ఆ దరిద్రం ఏమిటి? కల్లు ఉంది. కల్లులో బెల్లం కలిపి, నూలు పీలికలు నానబెట్టి, పొద్దు గూకే వేళకు చెట్లకు కడితే చిమ్మటలు బంధుమిత్ర సపరివారంగా వస్తాయి. పీలికల కోసం సిరిసిల్లలో మా అన్న కార్ఖానాకు వెళితే, "నూలు ఏడున్నదిరా గిప్పుడు, అంత పాలిస్టరే. గది కల్లు తాగదు, నీళ్లు సుత తాగదు" అన్నాడు. చివరికి మా పెద్దమ్మ దగ్గర దాచిన పాత నూలు చీరలు చింపుకొచ్చాను. కల్లు సరఫరా మా అటెండరుది.

అతని గురించి చెప్పాలి. నా వయసువాడే. వాళ్లది తాళ్లెక్కే ఇల్లు, అంటే తాటిచెట్లెక్కి కల్లు దించే ఇల్లు; తండ్రి ఎక్కాడు, అన్న ఇప్పటికీ ఎక్కుతాడు, ఇతనొక్కడే కిందికి దిగి మా కాలేజీలో అటెండరయ్యాడు. కల్లు మంచిదో కాదో ముంత దూరంగా ఉండగానే చెప్పేస్తాడు. పురుగుల గురించి మాత్రం పైసా తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. నాతో ఇన్నేళ్లు తిరిగీ చిమ్మటకూ బొద్దింకకూ తేడా చెప్పలేడు. కానీ నన్ను, నా పెట్టెల్ని కాపలా కాసే విషయంలో అతని భక్తి కొలిచే త్రాసు జగిత్యాల మార్కెట్ యార్డులో కూడా లేదు. ఆ భక్తే నా కొంప ముంచింది.

మృగశిర కార్తె వచ్చి మిరుగు వానలు మొదలైన వారంలో మల్లాపూర్ అవతల ఒక గుట్ట కింద తాటిచెట్లకు పీలికలు కట్టాం. సందె వెలుతురు ఇంకా ఉండగానే ఒక పీలిక మీద ఈ గోరంత చిమ్మట వచ్చి వాలింది. మామూలు గోధుమరంగు. కానీ ముందు రెక్క మీద ఒక వంకర గీత ఉంది. ఆ గీత ఉండాల్సిన చోట లేదు. నాకు కాళ్ల కింద భూమి కదిలి గోదావరి దాకా పోయి వచ్చింది.

"ఏందది సారు?" అన్నాడు అటెండర్.

"సప్పుడు జెయ్యకు! గిది నేనెన్నడు చూడలే."

అతను దగ్గరికొచ్చి చూసి పెదవి విరిచాడు. "ఏమున్నది సారు గిండ్ల? చాయపత్త రాలినట్టున్నది. గానీ ఒకటి మాత్రం, తాగుడు సూడుండ్రి. మా చిన్నాయన లెక్కనే, ముంత కిందికి దించుత లేదు."

దాన్ని సీసాలో పట్టి, ఆరబెట్టి, సూదికి గుచ్చి, రెక్కలు సరిచేసి, విడిగా ఒక చిన్న పెట్టెలో పెట్టాను. ఆ తర్వాత వానాకాలమంతా పుస్తకాలతో, పాత నమూనాలతో, ఫొటోలతో పోల్చి చూశాను. ఎక్కడా లేదు. దూరపు నగరంలో చిమ్మటల మీద మన దేశంలోనే పెద్ద నిపుణురాలు ఒకావిడ ఉన్నారు, కోస్తా వైపు మనిషి. ఆమెకు ఫొటోలు పంపాను. బతుకమ్మ మొదలైన రోజుల్లో ఆమె ఫోన్ చేశారు.

"ఫొటో చూస్తే నాకూ కొత్తదనే అనిపిస్తోందండీ. కానీ రెక్కలు చూసి పేరు పెట్టలేం. పొట్ట తెరిచి చూడాలి. దసరా తర్వాత తీసుకురండి. కొరియర్లో మాత్రం వేయొద్దు."

ఇది జాగ్రత్తగా వినండి, తర్వాత జరిగిందంతా దీని మీదే ఆధారపడి ఉంది. గోధుమరంగు చిమ్మటలన్నీ ఒకే థానులోంచి కోసినట్టుంటాయి. రెక్కలు మోసం చేస్తాయి. అసలు తేడా పొట్ట చివర, సంతానం కనే అవయవాల్లో ఉంటుంది. తాళానికీ తాళంచెవికీ ఉన్నట్టు ఒక్కో జాతికి ఒక్కో ఆకారం. అందుకని మా శాస్త్రంలో పొట్ట ఉంటే చిమ్మట ఉన్నట్టు, పొట్ట లేకపోతే అది రంగు కాగితం.

నేను దసరాకు సిరిసిల్ల బయల్దేరుతూ ల్యాబు తాళంచెవి అటెండరుకు ఇచ్చాను. "నా పాణం గా చిన్న పెట్టెల ఉన్నది. జర పైలం" అన్నాను. ఆ మాట అనాల్సిందే, ఏ మనిషైనా అంటాడు. సిరిసిల్లలో మా అన్న సాంచాలకు పసుపు, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గుమ్మడికాయ పగలగొట్టాడు. ఇంటిల్లిపాదీ సాంచాలకు మొక్కాం. అదే సమయానికి కోరుట్లలో మా అటెండర్ కూడా పనిముట్లకు పూజ చేయాలని నిశ్చయించుకుని ల్యాబు తెరిచాడని నాకేం తెలుసు?

తిరిగొచ్చి తలుపు తీయగానే నాకు మొదట వాసన తెలిసింది. చీమలు రాకుండా పెట్టెల్లో వేసే డాంబర్ గోలీల, అవే కలరా ఉండల, వాసన లేదు. అగరొత్తుల వాసన, పులిసిన కల్లు వాసన ఉంది. మైక్రోస్కోపుకు మూడు నామాలు. నా వలకు బంతిపూల దండ. పెట్టెలన్నీ మూతలు తీసి బల్ల మీద వరసగా, పెళ్లి బంతిలో విస్తళ్లు పరిచినట్టు పరిచి ఉన్నాయి. వాటి మధ్య పీట వేసి, పీట మీద నా చిన్న పెట్టె. దాని ముందు బెల్లం ముక్క, కొబ్బరి చిప్ప, ఒలికి ఎండిపోయిన కల్లు మరక. ఆ మరక నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి బహుశా నిజామాబాద్ దాకా, చీమల బారు.

పెట్టెలో నాలుగు రెక్కలు ఉన్నాయి. వంకర గీత అలాగే ఉంది. సూది నిలబడి ఉంది. సూదికి పురుగు లేదు. పొట్ట, ఛాతీ, తల, అంతా చీమల ఇంటికి చేరిపోయింది. రెక్క మొదట్లో ఆవగింజంత ఎర్రటి మచ్చ. కుంకుమ బొట్టు.

అప్పుడు అరిచాను. బస్సుల సంగతి ముందే చెప్పాను.

"డాంబర్ గోలీలు ఏమైనయయ్యా?"

"తీసి బయట పారేసిన సారు. దేవుని ముంగట గా కంపు మంచిగుంటదా?"

"మూతలెందుకు తీసినవ్?"

"మూత పెట్టి దేవునికి సూపెడుతరా సారు ఎవలన్న?"

"బొట్టు సుత పెట్టినవ్ దానికి!"

"అగ్గిపుల్ల కొనతోని జర్రంత పెట్టిన. చెయ్యి వణకలే" అన్నాడు. నేను మెచ్చుకుంటానని ఇంకా ఎక్కడో ఆశ ఉన్నట్టుంది.

"మరి గా కల్లు?"

"సాక పోసిన సారు."

సాక అంటే మా వైపు దేవతకు మొక్కేటప్పుడు ముందుగా నేల మీద ఒలికించే కల్లు. పోచమ్మకు పోస్తారు, ఎల్లమ్మకు పోస్తారు. చరిత్రలో మొదటిసారి ఒక చిమ్మటకు పోశారు.

"దానికి కల్లంటే పాణం కద సారు. చచ్చిపోయి గా డబ్బాల తాగ కల్లు లేక దూప మీద ఉన్నది. మీ పాణం గా పెట్టెలనే ఉన్నదని మీరే చెప్పిపోతిరి. గందుకే పరుపుదాడు తాటికల్లు, మా అన్న పొద్దుగాల దించింది, స్పెషల్‌గ తెచ్చి పోసిన."

నాకు ఆ నిమిషాన ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అతను కావాలని పాడు చేసి ఉంటే మెడ పట్టి గెంటేవాణ్ని. తాగి పాడు చేసి ఉంటే ఫిర్యాదు రాసేవాణ్ని. స్నానం చేసి, కొత్త బట్టలు కట్టుకుని, పొద్దంతా ఉపవాసముండి పాడు చేశాడు. భక్తితో చేసిన విధ్వంసానికి శిక్ష ఏ రూలు బుక్కులో ఉంది? అందుకని అందరి మీదా తెచ్చుకున్నాను. చీమల మీద, దసరా మీద, తాటిచెట్టు మీద, చివరికి ల్యాబులో తలుపులున్న బీరువా కొనమని నేను అడిగిన ప్రతిసారీ బల్లలు చాలవా అన్న ప్రిన్సిపాల్ మీద. ఆ ఆఖరిదాన్ని వెంటనే తీర్చుకోవాలని ఆయన గదికి వెళ్లాను.

ఆయన మొత్తం విని, దసరాకు బంగారమని పంచుకునే జమ్మి ఆకు నా చేతిలో పెట్టాడు. "మనోడు మంచిగ పూజ చేసిండు, దాన్ల తప్పేమున్నదయ్యా? పురుగును చీమ తినక ఏం తింటది, బిర్యానా? ఆహారపు గొలుసని పిల్లలకు మీరే చెప్తరు. గొలుసు మీ బల్ల మీదికొస్తే ఒర్రుతరు. ఇంకోటి పట్టుకోరాదుండ్రి."

ఇంకోటి పట్టుకోవాలట! రైతుబజారులో టమాటాలు అనుకున్నాడు. నేను జమ్మి ఆకును ఆయన బల్ల మీదే పెట్టి బయటికొచ్చాను. బంగారం తిరిగిచ్చేసినంత తెగువ అది.

నిపుణురాలికి ఫోన్ చేశాను.

"రెక్కలున్నాయా?" అన్నారు.

"ఉన్నయి మేడం. కుంకుమతోటి సహా."

"పొట్ట?"

"లేదు."

"ఆ రెక్కలతో నేనేం చేయలేనండీ. వచ్చే వానల్లో అక్కడే మళ్లీ ప్రయత్నించండి" అని పెట్టేశారు. ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. నిజం చెప్పడం తప్ప ఆవిడ చేసిన నేరం ఏమీ లేదు. అయినా వచ్చింది.

ఆ చలికాలం, ఎండాకాలం నేను అటెండరుతో మాట్లాడలేదు. అవసరమైతే గోడతో మాట్లాడేవాణ్ని, గోడ పక్కన అతను ఉండేవాడు. అతను రోజూ టిఫిన్ డబ్బాలో ఏదో ఒక గోధుమరంగు ప్రాణిని తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. బొద్దింక, మిడత, బియ్యప్పురుగు, ఒకరోజు చింతగింజ పొట్టు. "గిదేనా సారు?" అనేవాడు. నేను గోడ వైపు తిరిగి, "కాదని చెప్పు" అనేవాణ్ని. గోడ చెప్పేది కాదు.

మిరుగు మళ్లీ వచ్చింది. మొదటి వాన పడగానే పీలికలు, కల్లు తీసుకుని మల్లాపూర్ అవతలి గుట్టకు ఇద్దరం బండి మీద వెళ్లాం. గుట్ట ఉంది. గుట్ట కింద తాళ్లు లేవు. ఎర్రమట్టి చదును చేసి, పసుపు రంగు రాళ్లు పాతి, స్వర్గానికి కూడా లేనంత పెద్ద కమాను కట్టి, దాని మీద ఒక ఇంగ్లీషు పేరు రాశారు. ప్లాట్లు. నాలుగు తాళ్లు మాత్రం వెనక మూలన, గుట్ట వాలులో మిగిలాయి. ఆ బిట్టుకు వాస్తు లేదట, అందుకని గొడ్డలి కూడా అటు వెళ్లలేదు.

సందె వేళకు ఆ తాళ్లకే పీలికలు కట్టడం మొదలుపెట్టాం. అదే సమయానికి వెంచర్ ఏజెంటు ఒక జంటను ప్లాట్లు చూపించడానికి వాళ్ల కారులోనే తెచ్చాడు. వాళ్లు కారు దిగి, చెట్లకు వేలాడుతున్న ఎర్ర పీలికలను, కల్లు ముంతను, మెడలో భూతద్దం వేసుకున్న నన్ను చూశారు. మళ్లీ కారెక్కారు. కారు వెనక్కే పోయింది, తిప్పుకునే ఓపిక కూడా లేదు వాళ్లకు.

ఏజెంటు నా మీదికి వచ్చాడు. "ఏయ్ పెద్దమనిషీ, ఏంది గీ మంత్రాలు? నిమ్మకాయలేడున్నయి?"

"నిమ్మకాయలు లేవు."

"అంటే మిగిలినయన్ని ఉన్నట్టేనా?"

"సారు సైంటిస్టన్నా" అన్నాడు మా అటెండర్. "పురుగులకు కల్లు పోస్తున్నం."

ఇంతకంటే నిజమైన మాట, ఇంతకంటే నష్టం చేసే మాట ఆ సమయంలో ఇంకొకటి లేదు. ఏజెంటు పీలికలు ఒక్కొక్కటే లాగి బురదలో వేశాడు. పెద్దమ్మ చీరలు. నేను అడ్డం పడ్డాను. నా గొంతులో సిరిసిల్ల సాంచాలన్నీ ఒకేసారి నడిచాయి. ఈ పురుగు లోకంలో ఇంకెక్కడా లేదు, ఉంటే గింటే ఈ నాలుగు తాళ్ల కిందే ఉంది, దీనికి ఇంకా పేరు కూడా లేదు, నువ్వు ఆ తాళ్లు కొట్టించి దానికి పేరు పెట్టకముందే తద్దినం పెడుతున్నావు అని అరిచాను.

"గా కారు పోయింది సూసినవా?" అన్నాడు అతను తాపీగా. "కార్నర్ బిట్టు, తూర్పు ముఖం. అయిపోయిన బేరం చెడగొట్టినవ్. నీ పురుగు కొంటదా ప్లాటు?"

"కొంటది!" అన్నాను.

కోపంలో మనిషి చేయి చేసుకుంటాడు, చెప్పు విసురుతాడు. నేను ప్లాటు కొన్నాను. ఆ నాలుగు తాళ్లున్న వాస్తు లేని మూల. ఏజెంటు ముఖం ఒక్క క్షణంలో మామగారి ముఖమైపోయింది. బురదలోంచి పీలికలు తానే ఏరి, దులిపి, నా చేతికిచ్చాడు. "మీ జాగల మీరేమన్న కట్టుకోండ్రి అన్నా. పీలికలు కట్టుకుంటరో, బంగ్లా కట్టుకుంటరో."

ఇంటికెళ్లి చెప్పాను. మా ఆవిడకు ఎన్నేళ్ల నుంచో జగిత్యాలలో, కలెక్టరాఫీసు చుట్టుపక్కల ఇంటి జాగా కావాలని కోరిక. దాని కోసమే కూడబెట్టిందంతా ఈ గుట్ట కింద పోసి వచ్చాను. ఆమె అరవలేదు. ఆమె అరవకపోవడం ఎంత ప్రమాదమో ఎల్లంతకుంట మండలంలో అందరికీ తెలుసు.

"పెండ్లానికి కొనలేదు. పురుగుకు కొన్నవ్" అంది.

"గా తాళ్లు పోతే ఇగ అది దొరకది."

"దొరికితే ఏమైతది?"

"పేరు పెడుతం."

"పెట్టినంక?"

ఆమె అన్నం గిన్నె నా ముందుకు తోసి, "తిను. రేపు సందె వేళ నేను సుత వస్త. మన జాగ ఎట్లున్నదో సూడాలె కద" అంది. వచ్చింది. తాళ్ల కింద చాప వేసుకుని కూర్చుని, పీలికల మీద వాలిన ప్రతి పురుగునూ చూసి నా ఉద్యోగాన్ని తిట్టింది. అటెండరు ఆమెకు వంతపాడాడు. నాతో మాటలు లేని లోటంతా ఆ రోజు తీర్చుకున్నాడు.

కొన్ని సందెల తర్వాత అది వచ్చింది. అదే గోధుమరంగు, అదే వంకర గీత, అదే తాగుడు. ముందుగా చూసింది నేనే. అటెండరు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, అతను ఊపిరి వదిలే లోగా దాన్ని సీసాలో వేశాను. పెట్టెను ల్యాబులో పెట్టలేదు. ఇంట్లో పెట్టలేదు. అదే వారం రైలెక్కి, పసిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని, కూర్చున్న చోటి నుంచి లేవకుండా, ఏమీ తాగకుండా తీసుకెళ్లాను. బోగీలో ఎవరు మిఠాయి డబ్బా తెరిచినా వాళ్లను చూసిన చూపుకు వాళ్లు మూత పెట్టేశారు.

నిపుణురాలు మైక్రోస్కోపులోంచి తలెత్తి, "అద్భుతంగా ఉందండీ" అన్నారు. నేను గాల్లోకి లేచాను. "ఆడది" అన్నారు. దిగాను. "ఇదీ కావాలి, దాచిపెడతాను. కానీ ఈ గుంపులో జాతిని తేల్చేది మగదాని అవయవాలే. మగది దొరికితే ఆ నెలలోనే రాయడం మొదలుపెడదాం."

మీ దగ్గర చీమలు తిన్నది మగదో ఆడదో అని ఆవిడ అడగలేదు. అడగకపోవడం మంచిదైంది. మగదని ఫొటోల్లోనే ఉంది, మీసాలు దువ్వెనల్లా ఉన్నాయి; రెండోది దొరికిన సంబరంలో దీని మీసాల వైపు నేను చూడనేలేదు. తిరుగు ప్రయాణంలో ఆ దువ్వెనలు తలచుకుని పళ్లు కొరుకుతూ వచ్చాను.

వచ్చేసరికి ఏజెంటు నా ప్లాటు ముందు కరెంటు స్తంభం పాతించి, వెయ్యి సూర్యుల లైటు బిగిస్తున్నాడు. ఆ వెలుగు పడితే నా తాగుబోతు చిమ్మట ఆ తాళ్ల వైపే రాదు, మిగతా ప్రాణులన్నీ స్తంభం చుట్టూ తిరిగి తిరిగి అలసి, తెల్లారి మైనాల నోట్లో పడతాయి. వద్దన్నాను. డెవలప్‌మెంటు అన్నాడు. స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడ్డాను.

"అన్నా, లైటు పెట్టుమని ధర్నా చేస్తరు గానీ వద్దని చేస్తరా? కొనెటోళ్లు ఏమనుకుంటరు?"

"సైంటిస్టు జాగ అని చెప్పు. ముందుగాల మంత్రాలన్నవ్ కద, గదే చెప్పు. నాకేం ఫికర్ లేదు."

లైటు బిగించలేదు. ఇప్పుడు ఆ వెంచరంతా ధగధగా వెలుగుతుంది, నా మూల ఒక్కటే చీకటిగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఆ మూల చూసి వెనక్కి పోయారని ఏజెంటు నా మీద కక్షతో ఉన్నాడు. ఉండనీ. ఆ వానాకాలం మగది రాలేదు. ఈ మిరుగుకు మళ్లీ వెళుతున్నాం. అటెండరుతో నేరుగా మాట్లాడుతున్నాను, గోడ అవసరం లేకుండా. తిట్టాలంటే నేరుగానే సుఖంగా ఉంటుంది.

నిన్న బండి వెనక కూర్చుని, ముంత ఒలకకుండా పట్టుకుని, అతనే అడిగాడు.

"సారు, మగది దొరికిందనుకో. గప్పుడన్న మీ కోపం పోతదా?"

"ఎట్ల పోతదయ్యా? దొరికినంక రాయాలె. రాసినంక అచ్చేసెటోళ్లకు పంపాలె. వాళ్లు దాన్ని ఏండ్లకేండ్లు పెట్టుకుని కూసుంటరు. నీకెరుకలేదు, ఒక్క కామా తప్పుందని తిప్పి పంపుతరు వాళ్లు!" అని, ఇంకా నేను ఏమీ పంపని ఆ పత్రిక వాళ్లను కోరుట్ల దాటిన దగ్గర్నుంచి మల్లాపూర్ దాకా, బండి చప్పుడుకు పైన వినపడేలా, తిడుతూనే పోయాను.